వ్యాయామ సాధనములు: నాటుట, బిగించుట, కాపాడుకొనుట

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు దారిలో నొక గ్రామమున మేము కొంతసేపు ఆగితిమి. 2025 ఆగస్టు నెలాఖరున ఈ జిల్లాపై కురిసిన పెనువానలు వెలిసి అప్పటికి కొన్ని వారములు గడచినవి. బడి వెనుకనున్న క్రీడాప్రాంగణములో పదిపన్నెండేండ్ల బాలుడొకడు సింగిల్ బారును పట్టుకొని ఊగుచుండెను. వాడు ఊగినపుడెల్ల ఎడమవైపు స్తంభము కదలిన పన్నువలె తన గుంటలో తాను ఆడుచుండెను. మొదటి చుట్టునున్న మట్టి వాననీటికి కోసుకొనిపోయి కాంక్రీటు ముద్ద బయటపడినది. ఎవరో దయతలచి ఆ సందులో నాలుగు రాళ్లు కొట్టియుండిరి. మా వెంటనున్న వార్డు సభ్యుని అడుగగా, "పడలేదు గద సారు!" అనెను. ఆయన మాట అబద్ధము కాదు. అది నిజముగా పడలేదు. బాలుని దింపించి, బారునకు ముండ్లకంప చుట్టించి మేము ముందునకు సాగితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ స్తంభమే కారణము.

2022 జూన్ 2వ తేదీన, రాష్ట్రావతరణ దినమున, తెలంగాణ క్రీడాప్రాంగణముల కార్యక్రమము ఆరంభమైనది. ఖోఖో, వాలీబాల్ ఆటలకు చోటు, దూరము దుముకుటకు ఇసుక గుంట, వ్రేలాడుటకు బారులు గ్రామములకు వచ్చినవి. పట్టణములలోని ఉద్యానవనములందు ఓపెన్ జిమ్ములని పిలువబడు ఇనుప సాధనములు వెలసినవి. వానిని చూచి కొన్ని గ్రామములవారును అటువంటివి కోరుచున్నారు. ఇక ఇండ్లలోనికి వచ్చుచున్న సాధనముల కథ వేరు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు పోయిన యువకులెందరో గలరు. తండ్రికి చక్కెర వ్యాధి వచ్చినదని వినిన కుమారుడు అచ్చటినుండియే సొమ్ము పంపి నడకయంత్రమునో, కదలని సైకిలునో కొనిపించును. పెట్టె లారీలో కామారెడ్డికి, అచ్చటినుండి ఆటోలో ఊరికి చేరును. దానిని విప్పి బిగించువా డెవరు? ఇంటికి వచ్చిన మేనల్లుడో, పక్కింటి మోటారు మెకానిక్కో.

"పొలము దున్నుకొనువానికి వ్యాయామమేల?" అని కొందరు పెద్దలు నవ్వుదురు. దున్నుచున్నది ట్రాక్టరు, కోయుచున్నది వరికోత యంత్రము, నీరు తోడుచున్నది మోటారు, బావికడకు పోవునది మోటారు సైకిలు. శరీరమునకు మిగిలిన పని యెంతయో పెద్దలే లెక్కించుకొనవచ్చును. చాటను ఒడిలో పెట్టుకొని ఉదయము మొదలు సాయంకాలము వరకు బీడీలు చుట్టు స్త్రీలు మన గ్రామములలో వేలసంఖ్యలో గలరు. వారి వ్రేళ్లు ఆడుచునే యుండును గాని నడుము, భుజములు కదలవు. వారి మెడనొప్పికి, నడుమునొప్పికి రోజునకు అరగంట నడక, నాలుగు చేతుల కదలికలు ఎంతయో మేలుచేయును. కావున సాధనములు వచ్చుట మంచిదే. అవి వచ్చిన విధముననే నిలుచునట్లు చూచుట మాత్రము మన పని.

పూర్వము ఈ చిక్కు లేదు. తెలంగాణ గ్రామములలో తాలీంఖానాలుండెడివి. ఎఱ్ఱమట్టి గోదా, కఱ్ఱ గదలు, రాతిగుండ్లు, దండెములు, బస్కీలు. శ్రీకాకుళ ప్రాంతమున వీరఘట్టములో 1882లో జన్మించి, తన బలముచే దేశవిదేశములలో పేరుపొంది 1942లో మరణించిన కోడి రామమూర్తి నాయుడుగారి కాలమున గరిడీలలో వాడుకలోనున్నవి చాలవరకు అటువంటివే. రాతిగుండునకు నట్టు లేదు, బోల్టు లేదు, విద్యుత్తు లేదు. అది కాలిమీద పడునేగాని దానంతట అది విరుగదు. నేటి సాధనములు అనేక భాగముల కూర్పు. ఒక్క భాగము వదులైనచో మొత్తము ప్రమాదమే.

స్తంభము నాటు విధము

సింగిల్ బారు చూచుటకు అతి సులభమైన సాధనము: రెండు స్తంభములు, వానిపై అడ్డముగా నొక గొట్టము. అందుచేతనే దానిని నాటుటలో అశ్రద్ధ యెక్కువ. ఊరక వ్రేలాడు మనుష్యుని బరువు ఆతని బరువే. కాని ఆతడు శరీరమును బారుతో సమానమగు ఎత్తువరకు లేపి క్రిందికి ఊగినపుడు, అడుగుభాగమునకు వచ్చుసరికి బారుపై పడు లాగుడు ఆతని బరువునకు దాదాపు మూడింతలగును. ఎనుబది కిలోల యువకుడు ఊగినచో రెండువందల నలుబది కిలోలు మోసినట్లే. పైగా ఆ లాగుడు ఒకమారు ముందునకు, ఒకమారు వెనుకకు. గడ్డపారను ఇటునటు ఊపి పెరుకునట్లు, ఆ ఊపు స్తంభమును దినదినము పెరుకుచునే యుండును.

గొట్టము కొనునపుడు దానిపైనున్న రంగుపట్టీని చూడవలెను. ఐ.ఎస్. 1239 ప్రమాణము ననుసరించి చేయు గొట్టములలో పలుచనివానికి పసుపు, మధ్యరకమునకు నీలము, దళసరివానికి ఎఱుపు పట్టీ యుండును. బారునకును స్తంభములకును ఎఱ్ఱపట్టీ గొట్టమునే వాడవలెను. ఒక అంగుళపు గొట్టమని దుకాణమున పిలుచునది వెలుపలి కొలతచే సుమారు ముప్పదినాలుగు మిల్లీమీటర్లుండును. పెద్దల పిడికిటికి అది సరిపోవును. అంతకన్న లావైనచో పట్టు జారును. స్తంభములకు రెండంగుళముల గొట్టము కావలెను. రెండు స్తంభముల నడిమి దూరము నాలుగడుగులకు మించకుండుట మంచిదని మా అభిప్రాయము. ఆరడుగులు పెట్టి ఇద్దరు పిల్లలు ఒకేసారి వ్రేలాడవచ్చునని చెప్పు గుత్తేదారులు గలరు. కొన్నినెలలకు ఆ బారు విల్లువలె వంగును. వంగిన బారును తిరుగవేసి సాగగొట్టుదురు. అట్లు రెండుమార్లు వంచి సాగదీసిన ఇనుము మూడవమారు చెప్పకయే విరుగును.

గొట్టములు ఆరుమీటర్ల పొడవున, అనగా ఇరువది అడుగులకు కొంచెము తక్కువగా వచ్చును. ఒక గొట్టమును సరిగా నడిమికి కోసినచో రెండు స్తంభములగును. ఒక్కొక్కదానిలో మూడడుగుల మూడంగుళములు భూమిలోనికి పోగా, పైకి ఆరున్నర అడుగులు మిగులును. ఇది యువకులకు చాలును. పొడవైనవారు మోకాళ్లు ముడుచుకొందురు. చిన్నపిల్లలకు నాలుగున్నర అడుగుల ఎత్తున మరియొక బారు పక్కగా నాటినచో, వారు పెద్దబారు నెక్కుటకై స్తంభములపై ప్రాకుట మానుదురు.

గుంట ఒకటిన్నర అడుగుల చదరముగా, నేలమట్టమునుండి మూడున్నర అడుగుల లోతుగా త్రవ్వవలెను. స్తంభపు అడుగుభాగమున జానెడు ఎత్తున రంధ్రముచేసి, అడుగు పొడవైన ఇనుపచువ్వను అడ్డముగా దూర్చవలెను. ఈ అడ్డచువ్వ లేకున్నచో నున్నని గొట్టము కాంక్రీటులో గుండ్రముగా తిరుగును, లేదా పైకి ఊడివచ్చును. గుంట అడుగున మూడంగుళముల కాంక్రీటు వేసి, దానిపై స్తంభమును నిలిపి, ఒకపాలు సిమెంటు, రెండుపాళ్లు ఇసుక, నాలుగుపాళ్లు కంకర కలిపిన కాంక్రీటుతో నింపవలెను. కడ్డీతో పొడిచి గాలి పోగొట్టవలెను. పై అడుగుభాగమును నింపరాదు. ఆ అడుగు ఇసుకకు విడువవలెను. ఇట్లు చేసినచో రెండు స్తంభములకు కలిపి సుమారు రెండు బస్తాల సిమెంటు పట్టును. ఇంత చిన్నపనికి రెండు బస్తాలా యని ఆశ్చర్యపడుట వలననే సగము బారులు కదలుచున్నవి.

స్తంభము నిట్టనిలువుగా నున్నదా లేదా అని దారమునకు కట్టిన గుండుతో రెండువైపుల చూడవలెను. బారును రసమట్టముతో చూడవలెను. మేస్త్రీ కన్ను మంచిదే కాని గుండు ఇంకను మంచిది. స్తంభముల తలలను మూయవలెను. మూయనిచో వాననీరు లోపలనిలిచి తుప్పు పట్టించును. అంతకుముందే కందిరీగలు గూడు కట్టుకొనును. చేతులతో బారు నందుకొనినవాడు కందిరీగలకు భయపడి పట్టు విడుచుట యెంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. బారును స్తంభమునకు చేర్చుచోట వెల్డింగు చుట్టును సాగవలెనుగాని నాలుగు చుక్కలు పెట్టి పోరాదు. వెల్డింగు వేడికి జింకు పూత కాలిపోవును గనుక ఆ చోట తుప్పునాపు రంగు పూయవలెను.

కాంక్రీటునకు ఏడుదినములు తడి గోనెసంచి కప్పి నీరు పోయవలెను. పదునాలుగు దినములు ఎవరును ముట్టరాదు. ఈ పదునాలుగు దినములే అన్నిటికన్న కష్టము. పిల్లలు సిమెంటు ఆరుటను చూచుచు కూర్చుండరు. ముండ్లకంపకన్న మేలైన కావలి మాకు తెలియలేదు.

ఇచ్చట నేల విషయము చెప్పవలెను. మన జిల్లాలో ఎఱ్ఱని చెల్కనేలలు గలవు. మంజీరపై 1923-1931 సంవత్సరముల మధ్య కట్టబడిన నిజాంసాగరు క్రిందను, మరికొన్నిచోట్లను నల్లరేగడి గలదు. చెల్కలో నాటిన స్తంభము నాటినట్లుండును. రేగడి వానకు ఉబ్బును, వేసవికి పగులును. ఆ ఉబ్బునకు కాంక్రీటు దిమ్మె లేచును, ఆ పగులునకు వదులగును. రేగడిలో గుంటను ఒక అడుగు లోతుగాను, అన్నివైపుల ఒక అడుగు వెడల్పుగాను త్రవ్వి, దిమ్మె చుట్టును, అడుగునను మొరము పోసి దిమ్మిసతో కొట్టవలెను. నీరు నిలువకుండ నేలను వాలుగా చదునుచేయవలెను. మొదట చెప్పిన గ్రామమున స్తంభము కదలుటకు వాన ఒక్కటియే కారణము కాదు. ఆ సంగతి తరువాత చెప్పెదము.

బారు క్రింద అడుగు లోతున ఇసుక యుండవలెను. అన్నివైపుల ఆరడుగుల వరకు రాయి, గోడ, మొద్దు, సిమెంటు గట్టు ఉండరాదు. ఊగి చేయి జారినవాడు నిట్టనిలువుగా పడడు, దూరముగా విసరబడును. కాంక్రీటు దిమ్మెను ఇసుకక్రింద దాచవలెనని చెప్పుటకు కారణమిదియే. ఇసుక ఒకమారు పోసిన చాలదు. వానకు అది గట్టిపడి నేలతో సమానమగును. పదునైదు దినములకొకమారు పారతో తిరుగవేయవలెను. సీసాపెంకులు, ముండ్లు ఏరించవలెను. ఇంకొక మాట: బారుపై విద్యుత్తు తీగలు పోరాదు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నాటరాదు. స్థలమున్నదని తీగలక్రింద ప్రాంగణము చూపించిన యెడల పంచాయతీ అంగీకరింపరాదు.

డబుల్ బారులకును ఇదే పద్ధతి. నాలుగు స్తంభములు గనుక నాలుగు గుంటలు. రెండు గొట్టముల ఎత్తు రసమట్టముతో సరిచూచుట ముఖ్యము.

కదలు సాధనములు

ఓపెన్ జిమ్ములోని సాధనములు కర్మాగారమునుండి వచ్చి కాంక్రీటు దిమ్మెపై బోల్టులతో బిగింపబడును. వీనిలో ప్రమాదము స్తంభమున కాదు, కీలున గలదు. నిలుచుండి కాళ్లను ముందువెనుకలకు ఊపు సాధనముపై ఒకనికి బదులు ముగ్గురు పిల్లలు ఎక్కుదురు. నాల్గవవాడు దానిముందు నిలుచుండి చూచును. దెబ్బ తగులునది ఆ నాల్గవవానికే. కావున కదలు సాధనము చుట్టును దాని ఊపు చేరినంతమేర నేలపై సున్నపుగీత గీయించి, గీత లోపల నిలువరాదని పిల్లలకు బడిలోనే చెప్పించవలెను. కీలులోని సందులో వ్రేలు దూరునేమో పుల్లతో చూడవలెను. స్త్రీలు చున్నీ, కొంగు బిగించుకొనవలెను. మే నెలలో మధ్యాహ్నము ఈ ఇనుము పెనమువలె కాలును. చెట్టునీడన నాటించుట ఏ ఖర్చును లేని మేలు.

బోల్టుల కొనలు పైకి పొడుచుకొనివచ్చినచో మోకాలు చీరును. వానికి గుండ్రని టోపీనట్లు బిగింపవలెను. నెలకొకమారు ప్రతి సాధనమును రెండుచేతులతో పట్టి ఊపి చూడవలెను. కీచుమను ధ్వని వచ్చినచో గ్రీజు కావలెను. టకటకమను ధ్వని వచ్చినచో బేరింగు పోయినదని తెలియవలెను. గ్రీజుతో రెండవ ధ్వని మాన్పజూచుట రోగిని పండుకొనబెట్టి ముసుగుకప్పినట్లు.

ఇంటికి వచ్చిన పెట్టె

పంచాయతీ సభ్యునకు ఒకరి యింటిలోని యంత్రముతో పనియేమని సందేహము రావచ్చును. ఊరిలో సలహాకై మొదట పిలిచెడివారు సభ్యునినే గనుక ఆయనకు తెలిసియుండుట అవసరము.

పెట్టెను విప్పగనే భాగములను నేలపై పరచి, కాగితములోని పట్టికతో లెక్కింపవలెను. ఒక వాషరు తక్కువైనను ఆ దినమే అమ్మినవారికి చెప్పవలెను. కాగితమును పారవేయరాదు, తెలుగులో లేకున్నను బొమ్మలుండును. నడకయంత్రములలో నలుబది యేబది కిలోలకు పైబడినవి అరుదు కావు. ఇద్దరు లేనిదే లేపరాదు. మడిచిన యంత్రమునకు కట్టిన పట్టీని పెట్టెలోనుండగా కోయరాదు. అది ఒక్కసారి విచ్చుకొని ముఖమునకు తగులవచ్చును.

బిగించుటలో మనవారు చేయు పెద్దతప్పు మొదటి బోల్టునే పూర్తిగా బిగించుట. అట్లుచేసిన రెండవదానికి రంధ్రము కుదురదు. అప్పుడు సుత్తి వచ్చును. అన్ని బోల్టులను చేతివ్రేళ్లతో మూడునాలుగు చుట్లు ఎక్కించి, యంత్రమును చదునైనచోట నిలిపి, ఆపిమ్మట పానాతో ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగా బిగింపవలెను. బోల్టు తల క్రింద స్ప్రింగు వాషరు, దానిక్రింద బల్లపరుపు వాషరు. వారము దినములు వాడినపిమ్మట మరల అన్నిటిని ఒకమారు చూడవలెను. కొత్త యంత్రము ఆ వారములోనే సర్దుకొనును.

కదలని సైకిలు విషయమున ఒక రహస్యము గలదు. కుడి పెడలు అన్ని మరలవలెనే కుడివైపునకు త్రిప్పిన బిగియును. ఎడమ పెడలు ఎడమవైపునకు త్రిప్పిన బిగియును. ఊరిలోని సైకిలు మేస్త్రీకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. కాని పట్టణమునుండి వచ్చిన విద్యావంతుడు ఎడమ పెడలును కుడివైపునకు బలముగా త్రిప్పి మరచుట్లను చెరచును. పెడళ్లపై ఎడమ, కుడి గుర్తులుండును. సైకిలు మేస్త్రీని పిలిచి చాయ త్రాగించుట కొత్త భాగము తెప్పించుటకన్న చవుక.

మన యిండ్లలో షాబాదు బండలు పరచిన నేలలు గలవు. బండకు బండకు ఎత్తు తేడా యుండును. యంత్రపు కాళ్లలో ఒకటి గాలిలో నిలిచినచో ఇటుకముక్క పెట్టరాదు. సామాన్యముగా కాలిక్రింద త్రిప్పుటకు వీలగు మరబిళ్ల యుండును. దానితో సరిచేసి, మందమైన రబ్బరు చాప పరువవలెను. మట్టినేలపై నడకయంత్రము వలదు. దుమ్ము పటకాక్రిందికి పోయి మోటారును చెరచును.

ప్రజలు ట్రెడ్‌మిల్లు అని పిలుచు ఈ నడకయంత్రము పుట్టుక వింతయైనది. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అను ఇంజనీరు చెఱసాలలోని ఖైదీలచే నడిపించుటకు మెట్లచక్రము కల్పించెను. ఖైదీలు గంటలతరబడి దానిపై ఎక్కుచునే యుండవలెను, చేరు చోటు లేదు. నాడు శిక్షగా విధించినదానిని నేడు మనము సొమ్మిచ్చి కొనుచున్నాము. ఆ మాట యటుండ, దానిని పెట్టుచోటు ముఖ్యము. వెనుకవైపు రెండుమీటర్లు, అనగా ఆరున్నర అడుగులు, ఇరుప్రక్కల ఒకటిన్నర అడుగులకు తక్కువకాకుండ ఖాళీ యుండవలెను. మనవారు చాలమంది దానిని టెలివిజను ఎదుట, వెనుకభాగము గోడకానించి పెట్టుదురు. కాలుజారినవాడు వెనుకకు కొట్టుకొనిపోయి గోడకును, తిరుగుచున్న పటకాకును మధ్య చిక్కుకొనును. వెనుక ఖాళీయున్నచో నేలపై పడి లేచును.

పటకాపై నిలుచుండి మీట నొక్కరాదు. ఇరుప్రక్కలనున్న అంచులపై కాళ్లుంచి, మిక్కిలి తక్కువ వేగమున ఆరంభించి, తరువాత అడుగుపెట్టవలెను. యంత్రముతో దారము కట్టిన ఎఱ్ఱని తాళమొకటి వచ్చును. దాని రెండవకొన బట్టకు తగిలింపవలెను. పడినవెంటనే తాళము ఊడి యంత్రము నిలుచును. దీనిని అలంకారమని తలచి సొరుగులో పెట్టువారే ఎక్కువ. వాడుక ముగిసినపిమ్మట మాత్రము ఆ తాళమును తీసి పిల్లలకందని ఎత్తున ఉంచవలెను.

పిల్లల విషయమున మేము రెండు సంగతులు జ్ఞప్తికి తెచ్చెదము. 2009లో అమెరికాలో ప్రపంచప్రసిద్ధుడైన ముష్టియోధుని నాలుగేండ్ల కుమార్తె, ఇంటిలోని నడకయంత్రపు దారము మెడకు చుట్టుకొని మరణించినది. 2021 మే నెలలో అదే దేశమున పెలటాన్ అను సంస్థ తన నడకయంత్రములలో నొక రకమును, సుమారు లక్షా ఇరువదియైదు వేలు, వెనుకకు తీసికొనవలసివచ్చినది. తిరుగుచున్న పటకా వెనుకభాగము పిల్లలను లోపలికి లాగుకొనుటయే కారణము, ఒక శిశువు ప్రాణము పోయినది. ధనికుల యిండ్లలో, పనివారు గల యిండ్లలో జరిగిన సంగతులు మన యిండ్లలో జరుగకుండునా? యంత్రమున్న గదికి గడియ పెట్టవలెను. గది వేరుగా లేని యింటిలో ప్లగ్గు ఊడదీసి, తాళము తీసి, పటకా భాగమును మడిచి నిలబెట్టి, మడత జారకుండ గొళ్లెము పడినదో లేదో చూడవలెను.

విద్యుత్తు మాట ఇంకొకటి. పదునారు ఆంపియర్ల మూడుకాళ్ల ప్లగ్గుతో వచ్చిన యంత్రమునకు గోడకు అటువంటి సాకెట్టే కావలెను. మూడవకాలు విరిచి రెండుకాళ్ల సాకెట్టులో దూర్చుట మన గ్రామములలో మామూలైపోయినది. ఆ మూడవకాలే ఎర్తు. యంత్రపు ఇనుమునకు విద్యుత్తు సోకినపుడు అది భూమిలోనికి పోవు దారి అదొక్కటే. దానిని విరిచినచో మిగిలిన దారి చెమటతో తడిసిన మనుష్యుడు. ఇంటికి ఎర్తు గుంట ఉన్నదా, అందులో తీగ తెగకుండ ఉన్నదా అని విద్యుత్తు పని తెలిసినవానిచే చూపించి, ముప్పది మిల్లీ ఆంపియర్ల లీకేజీకి తెగిపోవు స్విచ్చి పెట్టించుట ఉత్తమము. పొడిగింపు తీగలు వాడరాదు. కరెంటు పోయినచో వెంటనే స్విచ్చి ఆపవలెను.

ద్వారబంధము, దూలము, సిమెంటు డబ్బా

యంత్రము కొనలేని యువకులు తలుపుల మధ్య బిగించు బారును కొందురు. ఇది మరచుట్లతో రెండువైపుల నొత్తుకొని నిలుచును. టేకు ద్వారబంధము గట్టిదే కావచ్చును. కాని పాత యిండ్లలో ద్వారబంధము మట్టిగోడలో నిలిచియుండును. బారు ఒత్తిడికి చట్రము విచ్చుకొని గోడ పగులును. అట్టి యిండ్లలో దీనిని వాడరాదు. సిమెంటు కట్టడములో కూడ గుండెలెత్తుకన్న పైకి కట్టి తలక్రిందులుగా వ్రేలాడరాదు. రోజును వాడుటకు ముందు ఒకమారు త్రిప్పి బిగింపవలెను. దూలమునకు త్రాడుకట్టి వ్రేలాడువారు ముందుగా దూలము కొనలు గోడలో దూరినచోట సూదితో గ్రుచ్చి చూడవలెను. చెదలు లోపలనుండి తినును; పైకి దూలము పెండ్లికొడుకువలె నిగనిగలాడును.

పాలడబ్బాలలో సిమెంటుపోసి గొట్టము గ్రుచ్చి డంబెల్స్ చేయుట మేమును చిన్ననాట చేసితిమి. తప్పుకాదు. గొట్టపు కొనలకు చువ్వ అడ్డముగా పెట్టవలెను, రెండు డబ్బాలను కిరాణా తక్కెడలో తూచి సమము చేయవలెను, పగులుపట్టినవెంటనే విడిచిపెట్టవలెను. తలపైకి ఎత్తుటకు మాత్రము అవి పనికిరావు.

బీపీ, గుండెజబ్బు, చక్కెర వ్యాధి యున్నవారు ఏ సాధనమెక్కుటకు ముందైనను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వైద్యునికి చూపించుకొనవలెను. ఇది యందరెరిగినదే గనుక విస్తరింపము.

పంచాయతీ చేయదగిన పని

గుత్తేదారు పని ముగించినాడని చెప్పినదినమున సభ్యులు పోయి ఫొటో తీయించుకొందురు. దానికి బదులు గుంట త్రవ్వినదినమున పోయినచో మేలు. కాంక్రీటు పోసినపిమ్మట లోతు ఎవరికిని కనబడదు. కావున పని ఒప్పగించు కాగితమునందే గుంటలోతు, గొట్టపు పట్టీరంగు, అడ్డచువ్వ, ఇసుకలోతు వ్రాయించి, గుంటలో టేపు పెట్టి తీసిన ఫొటో లేనిదే బిల్లు చెల్లింపరాదు. పనులను చూచు స్థాయీ సంఘమువారు నెలకొకమారు సాధనములను ఊపి చూచి, ఒక నోటుపుస్తకములో తేదీవేసి వ్రాయుట అలవాటు చేసికొనవలెను. కదలినదానిని ఆ దినమే వాడుకనుండి తప్పించుట బాగుచేయించుటకన్న ముందు పని. బాగుచేయుటకు నిధులు కావలెను గాని ముండ్లకంపకు నిధులక్కరలేదు. వానకాలము వెలిసినపిమ్మట ఒకమారు మొదళ్లను త్రవ్వి చూడవలెను. నేలమట్టమున, తడి పొడి కలియుచోట, తుప్పు మొదట పట్టును.

స్త్రీలకు ప్రాంగణమున ఒక గంట వేరుగా కేటాయింపుడని మహిళా సభ్యురాండ్రు కొందరు మాతో ననిరి. న్యాయమైన కోరిక. ఆ గంట సాయంకాలము వంటవేళ గాక, ఉదయము బీడీచాట ముందు కూర్చుండుటకు పూర్వము కావలెను.

ఇక మొదటి గ్రామపు మాట. దసరా తరువాత ఆ వార్డు సభ్యుడు ఫోనుచేసి స్తంభమును పెరికించితిమని చెప్పెను. కాంక్రీటు ఒక అడుగు లోతుననే ముగిసినదట, దానిక్రింద మట్టియేనట, అడ్డచువ్వ లేదట. కుడివైపు స్తంభము కదలకున్నను, త్రవ్వి చూడగా అదియు అటువంటిదే. రెండింటిని తీసి, మొరము పోసి, రెండు బస్తాల సిమెంటుతో కొత్తగా నాటించినారు. ఏడు దినములు గోనెసంచిపై నీరు పోసినది మొదట మేము దింపించిన ఆ బాలుడేనట. వాడు రోజును సభ్యుని ఇంటికి పోయి, "ఇంకా ఎన్నిరోజులు పెద్దనాయినా?" అని అడుగుచున్నాడట. పదునొకండవ దినమున ఫోను వచ్చినది గనుక, ఇంకను మూడు దినములని మేము లెక్కచెప్పితిమి.